మూతిపగుళ్ల మేస్త్రి

రేకు మోత మారింది. ఇందాకటిదాకా మెత్తగా పలికిన రాగి, సుత్తి పడగానే ఖంగుమంది. మొండికేసిందన్నమాట. ఇక కొడితే చీలుతుంది. మేస్త్రి వినీ విననట్టు ఇంకో దెబ్బకు చెయ్యెత్తాడు.

"కాల్చారా?" అంది భార్య, పక్కగదిలో మంచం మీంచి.

రేకు కదలకుండా పట్టే లక్క గిన్నెలో వెల్లకిలా ఉన్నది, రాగిలో దిగుతున్న ఆమె ముఖమే. నుదురు వచ్చింది, చెంపలు వచ్చాయి, ఎడమ కనుబొమ్మ మీది మచ్చ కూడా వచ్చింది. మిగిలింది నోరొక్కటే. ఆమె నవ్వుతూ ఉండగా చూసి కొట్టాలి. నిన్న డాక్టరు గుమ్మంలో నిలబడి ఇవాళో రేపో అన్నాడు.

మూతిపగుళ్ల మేస్త్రి అన్నది వీధి పెట్టిన పేరు. తండ్రి కొట్లో సొట్టపోయిన గిన్నెలు సరిచేస్తూ పని నేర్చాడు. మిగిలిన ముక్కలతో పిచ్చుకలు చేశాడు, తర్వాత చేతులు చేశాడు. ఆ చేతుల్ని చూసినవాళ్లు వేళ్లు కదులుతాయేమోనని కాసేపు ఆగేవాళ్లు. ముఖాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతిదీ పెదవి దగ్గర చీలింది. ఓపిక ఆమడ దూరం మరి. బిగుసుకున్న రేకును లక్కలోంచి ఊడదీసి, ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్లీ బిగించాలి. పూట పడుతుంది. "మొండికేసినదాన్ని కొట్టకురా, కాల్చు" అని తండ్రి పోయేదాకా చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"ఇప్పుడు టైమెక్కడిది?" అన్నాడు, సుత్తితోనే ఆమె గదిలోకి వచ్చి.

"నాక్కూడా మూతి పగలగొడతారా?" ఆమె నవ్వింది. నవ్వితే కుడివైపు పెదవి ముందు లేస్తుంది. అతనికి కావలసింది అదే. "కాల్చుకు రండి. నేనెక్కడికి పోతాను."

మరదలు తడిగుడ్డతో అక్క నుదురు తుడుస్తోంది. అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, జన్మలో మొదటిసారి చెప్పిన మాట విన్నాడు.

పెరట్లో గ్యాస్ మంట పెట్టాడు. తొందరపడలేదు. అంటుకున్న లక్కంతా కాలి, నుదురు ఎర్రబడి, చెంపలు ఎర్రబడి, ఆ ఎరుపు నోరుండాల్సిన చోటికి పాకేదాకా మంట తిప్పుతూనే ఉన్నాడు. నీళ్లలో ముంచితే చుయ్‌మంది. బొటనవేలితో నొక్కి చూశాడు. లొంగింది. ఈ పాటి ఓపిక ముందే ఉంటే ఎన్ని ముఖాలు బతికేవో అని తనను తానే తిట్టుకున్నాడు, సంతోషంగానే.

మంట ఆపి వెనక్కి తిరిగితే మరదలు నిలబడి ఉంది.

"రెండుసార్లు పిలిచాను బావగారూ. ఆ హోరులో మీకు వినపడలేదు."

అతనికి అర్థమైంది. "ఏమైనా అందా?"

"కాల్చారా అని అడిగింది. కాలుస్తున్నారన్నాను. సరే అంది."

మంచం పక్కన కూర్చుని ఆమె నోటినే చూశాడు. రెండు పెదవులూ సమంగా మూసుకుని ఉన్నాయి. ఆ నోరు అతనికి తెలియదు. కుడివైపు ఎంత లేచేదో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. ఏడుపొచ్చింది.

పెరట్లో నీళ్ల తొట్టి అంచున ముఖం ఆరుతోంది, నోరుండాల్సిన చోట నున్నగా, సుత్తి ఎంత చిన్నగా తాకినా లొంగేటంత మెత్తగా.