బావ గురి

కాలి గాయం మానాక లాంబెర్ట్‌ను మళ్ళీ యుద్ధానికి పంపలేదు. సొంత ఊరి సైనిక శిబిరంలోనే కొత్తవాళ్ళకు కవాతు నేర్పమన్నారు. నేర్పడం, రైలెక్కించడం, మళ్ళీ కొత్తవాళ్ళు. ఆస్పత్రుల నుంచి తిరిగొచ్చిన కోట్లు ఉతికి, చిల్లులు కుట్టి ఈ కొత్తవాళ్ళకే తొడిగేవారు. మొదట్లో అతనికి పేర్లు గుర్తుండేవి. ఇప్పుడు మొహాలు కూడా గుర్తుండటం లేదు. కోపం లేదు, ఏడుపు లేదు, తాగే సూప్ రుచైనా తెలియడం లేదు మహానుభావుడికి.

ఈసారి వరసలో అక్క మొగుడు నిలబడ్డాడు. అన్సెల్మ్, రొట్టెల కొట్టువాడు, ముగ్గురు పిల్లల తండ్రి.

"ఒరే బొండాం! పొట్ట లోపలికి!" అని అరిచాడు లాంబెర్ట్.

"చిత్తం సార్!" అని, లాంబెర్ట్ దగ్గరికి రాగానే గొణిగాడు అన్సెల్మ్. "మీ అక్క పెట్టిన తిండేరా ఇదంతా. లోపలికి ఎక్కడికి పోతుంది?"

ఆదివారం అక్క వాల్‌బుర్గా తమ్ముడి చెయ్యి వదల్లేదు. "ఎలాగైనా ఆయన్ని ఆపరా. నీకు పుణ్యముంటుంది."

ఆపడానికి ఒక్కటే దారి. గురి పరీక్ష తప్పినవాణ్ణి రైలెక్కించరు, ఇంకో విడత నేర్పడానికి ఉంచేస్తారు. అన్సెల్మ్‌దేమో అడవిపందుల్ని కొట్టిన చెయ్యి.

"బావా, ఒక్కటీ తగలకూడదు."

"ఓరి నీ! వెనక గోడకైనా తగలనిస్తావా?"

ఒక్కటీ తగల్లేదు.

మర్నాడు వరసల ముందు కెప్టెన్ కొత్త ఉత్తర్వు చెప్పాడు. యుద్ధంలో మనుషులు చాలడం లేదట, పరీక్ష తప్పినవాళ్ళూ బయల్దేరాల్సిందేనట. అందరికంటే బాగా కాల్చిన ఇద్దరు మాత్రం కొత్తవాళ్ళకు నేర్పడానికి ఇక్కడే ఉంటారట.

"సార్, ఆ అన్సెల్మ్..." అన్నాడు లాంబెర్ట్.

"ఎవరు, ఆ రొట్టెలవాడా? ఏం చేశాడు?"

కావాలనే తప్పాడంటే బావను ఇక్కడే గోడకు నిలబెట్టి కాల్చేస్తారు. "ఏమీ లేదు సార్," అని సెల్యూట్ కొట్టాడు లాంబెర్ట్.

తెల్లారి అన్సెల్మ్‌కు ఇచ్చిన కోటుకు రొమ్ము దగ్గర మాసిక ఉంది. బొత్తాలు పట్టలేదు. లాంబెర్టే లాగి పెట్టాడు.

"ఏం చేస్తావులేరా. అక్కకు మెల్లగా చెప్పు," అన్నాడు అన్సెల్మ్. రైలు వెళ్ళిపోయింది. లాంబెర్ట్‌కు ఏమీ అనిపించలేదు. అనిపించనందుకే భయమేసింది.

అక్క వంటింట్లో ఉంది. "వెళ్ళిపోయారా అందరూ?"

"ఇద్దరు ఉన్నారు. బాగా కాల్చినవాళ్ళు."

వాల్‌బుర్గా మొహం విప్పారింది. "అమ్మయ్య! మా ఆయన్ని మించి కాల్చేవాడెవడ్రా ఈ ఊళ్ళో?" అంటూ బావ కంచం కూడా తీసి బల్ల మీద పెట్టింది.