నా మీదుగా రాని పెట్టుబడి

నేను ఒక కాటాని. కిరాణా కొట్లో పప్పులు తూచే తక్కెడ అనుకునేరు, వంశం అదే గాని ఒళ్లు అది కాదు. లారీని సరుకుతో, డ్రైవరుతో, డ్రైవరు సీటు కింద దాచుకున్న కొబ్బరికాయలతో సహా తూచే వేబ్రిడ్జిని. చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డు పక్కన, మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని గేటు లోపల నన్ను నేలలో దించి పాతారు. నాకు తెలిసిన లోకమంతా నా మీదుగా లోపలికి పోయిందీ, నా మీదుగా బయటికి పోయిందీ. మిగతాదంతా చెప్పుడు మాట.

పుట్టింది కోయంబత్తూరు దగ్గర ఒక షెడ్డులో. ఇనప దూలాలు, వాటి కింద సన్నటి అంచున్న ఉక్కు ముక్కలు, ఒక పొడుగాటి ఇత్తడి కడ్డీ, దాని మీద జరిగే గుండు, ఇంతే నా శరీరం. కరెంటుతో పని లేదు. అది నా అదృష్టం, ఎందుకంటే ఆ రోజుల్లో మా గేటు దాకా కరెంటు దానికి దయ పుట్టినప్పుడే వచ్చేది. ఏటా తూనికలు కొలతల శాఖ నుంచి ఒక ఇనస్పెక్టరు వచ్చేవాడు. నేను అబద్ధం చెప్పడం లేదని పరీక్షించి, సీలు వేసి, ఒక బుట్ట కాయలు తూచకుండానే పట్టుకుపోయేవాడు.

నన్ను కొన్నది దొరస్వామి నాయుడు. బెల్లం వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసుకుని, మామిడి గుజ్జుకి పై దేశాల్లో గిరాకీ ఉందని విని ఈ ఫ్యాక్టరీ పెట్టాడు. మనిషి మంచివాడే. రైతులను పేరు పెట్టి పిలిచేవాడు, పిలిచి మరీ తరుగు కోసేవాడు. తొడిమలకని, ఆకులకని, మచ్చ కాయలకని బండి బరువులోంచి ఇంతని తీసేస్తారే, దాన్నే తరుగు అంటారు. నేను చెప్పిన బరువు ఒకటి, రైతుకు కట్టే బరువు ఒకటి. నా పక్కన చిన్న గదిలో కూర్చుని గుండు జరిపే ఏకాంబరం ఈ రెంటి మధ్యా నలుగుతూ బతికేవాడు. అందరి తిట్లూ అతనికే.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. సీజను మొదలయ్యే రోజున నాకు పసుపూ కుంకుమా పెట్టి, కర్పూరం వెలిగించి, అందరికంటే ముందు నాయుడు చెప్పులు విడిచి నా మీద నిలబడేవాడు. మొదటి తూకం యజమానిదే కావాలట. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆయన ఏటికేడు పెరుగుతూ వచ్చాడు. ఫ్యాక్టరీ మాత్రం పుట్టినప్పుడు ఎంత ఉందో అంతే ఉండిపోయింది.

చిక్కంతా అక్కడే ఉంది. గుజ్జుకి పనికొచ్చేది తోతాపురి. మా వైపు బెంగుళూరా కాయ అంటారు. ఏడాదికి రెండు నెలలే వస్తుంది, ఆ రెండు నెలల్లోనూ అందరి తోటల్లో ఒక్కసారే వస్తుంది. గుజ్జు తీసే యంత్రాల లైను మా ఫ్యాక్టరీలో ఒక్కటే. అది తిన్నంత తింటుంది, మిగతా కాయలు ట్రాక్టర్ల మీద రోడ్డు పొడుగునా ఎండలో పడిగాపులు పడతాయి. పైకాయ వడిలి, కిందికాయ చితికి, రసం టైర్ల మీదుగా కారిపోయాక వాటికి నా దర్శనం దొరుకుతుంది. ఎండకు పోయింది పోగా, ఉన్నదాని మీద మళ్లీ తరుగు.

ఆ వరసలో ఏటా చెంగమ్మ ట్రాక్టరు ఉండేది. "వేరుశెనగ మానుకోండి, బెంగుళూరా పెట్టండి, కొనే పూచీ నాది" అని నాయుడు ఊరూరా తిరిగి చెప్పినప్పుడు నమ్మి తోట పెట్టినవాళ్లలో ఆమె ఒకతి. బోరు ఎండిపోయిన ఏడు బిందెలతో నీళ్లు మోసి మొక్కలను బతికించుకుందట. ఆమె బండి నా మీదికి ఎక్కేసరికి నాయుడు అక్కడ కనిపిస్తే చాలు, పట్టుకునేది.

"నాయుడన్నా, ఇంకో మిషను పెట్టబ్బా. కాయంతా ఈ రోడ్డు మీదనే కుళ్లిపోతా ఉండాది. ఇట్టనే అయితే చెట్లు పెట్టుకోని మేమేం జేసేది?"

"పెడతా చెంగమ్మా. ఫారిన్ కంపెనీ వోళ్లు వస్తా ఉండారు. వాళ్ల కాడ దుడ్డుండాది, మన కాడ కాయుండాది. వచ్చే సీజనుకి రెండో లైను నడస్తాది, నువ్వే చూస్తావు."

వచ్చారు. అప్పట్లో మా రకం ఫ్యాక్టరీల్లో పరాయి దేశపువాళ్ల వాటా నలభై శాతం దాటకూడదని నిబంధన. దాటకుండా సరిగ్గా గీత మీద నిలబడి నలభై కొన్నారు. కంపెనీ తరఫున హెండ్రిక్ అనే పొడుగాటి దొర వచ్చాడు. కార్తీకమాసంలో వచ్చాడు. అప్పుడు మా దగ్గర ఒక్క కాయ ఉండదు, ఈగ ఉండదు, ఫ్యాక్టరీ కడిగిన పళ్లెంలా ఉంటుంది. చూసి ముచ్చటపడ్డాడు. నా పక్కనే షామియానా వేశారు. ఎమ్మెల్యే గారు మైకు పట్టుకుని పెట్టుబడి వరదలా వస్తోందని చెప్పారు.

నేను కాచుకుని కూర్చున్నాను. రెండో లైను అంటే మాటలా, ఉక్కు తొట్లు, గొట్టాలు, పెద్ద పెద్ద పెట్టెలు. ఎగిరి రావు, నా మీదుగానే రావాలి. ఆ ఏడు నా మీదుగా వచ్చింది పాలరాయి. నాయుడు తిరుపతిలో ఇల్లు కడుతున్నాడు, రాళ్ల షావుకారు బరువులో మోసం చేస్తాడేమోనని లారీలను మన కాటాకే రప్పించాడు. అప్పటికి గాని విషయం నా ఇనప బుర్రకు ఎక్కలేదు. వాళ్లు కొన్నది వాటా. వాటా అమ్మింది నాయుడు. కాబట్టి డబ్బు పోయింది నాయుడి ఇంటికి, ఫ్యాక్టరీకి కాదు. పెట్టుబడి వచ్చిందని ఢిల్లీలో ఎవరో రాసుకున్న మాట అబద్ధం కాదు. వచ్చింది, పాలరాయి రూపంలో వచ్చి తిరుపతి వెళ్లిపోయింది.

మళ్లీ సీజను వచ్చింది, మళ్లీ వరస, మళ్లీ చెంగమ్మ. ఈసారి జవాబు హెండ్రిక్ దొరదట, నాయుడు తెలుగులో చెప్పాడు. నలభై శాతంతో ఫ్యాక్టరీ మీద వాళ్లకు అధికారం లేదు, అధికారం లేని చోట పెద్ద యంత్రం ఎవరు దించుతారు? వినడానికి సబబుగానే ఉంది. దేశంలో పెద్దలకు కూడా అలాగే అనిపించినట్టుంది, హద్దు పెంచి యాభై ఒకటి చేశారు. నాయుడు ఇంకాస్త అమ్మాడు. ఆ ఏడు నా మీదుగా ఆఫీసుకి అద్దాల తలుపులు, ఏసీలు, క్రోటన్ కుండీలు లోపలికి పోయాయి. పాత ఇటుక గోడ పెళ్లలు బయటికి పోయాయి. నికరంగా చూస్తే ఫ్యాక్టరీ ఆ ఏడు కొంచెం తగ్గింది.

యాభై ఒకటి వచ్చాక కొత్త సందేహం. పెద్ద వాటా మాదే, నిజమే, రేపు చిన్న వాటాదారు అడ్డం తిరిగితే? అద్దాల తలుపుల వెనక ఈ సందేహం కొన్నేళ్లు ఏసీలో చల్లగా పెరిగింది. చివరికి పూర్తిగా నూరు శాతం కొనుక్కోవచ్చని నిబంధన సడలించారు. సందేహానికి మందు దొరికింది, మిగిలిన వాటా కూడా అమ్మడానికి నాయుడు ఒప్పుకున్నాడు.

నాయుడు ఆఖరిసారి నా మీద నిలబడ్డ రోజు నాకు బాగా గుర్తు. మోకాళ్ల నొప్పులు, ఒకరి భుజం పట్టుకుని ఎక్కాడు. హారతి కళ్లకద్దుకుని చాలాసేపు దిగలేదు. "ఇంక మనం మిషను పెట్టమనేదీ లే, వొద్దనేదీ లేదురా ఏకాంబరం" అన్నాడు. ఆయన కోసిన తరుగంతా ఎరిగినదాన్ని నేను. అయినా ఆ రోజు ఆయన దిగిపోతుంటే నాకు దిగులేసింది. తిట్టడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండాలి గదా.

మరుసటి సీజనుకు అలవాటు చొప్పున పసుపు రాసి హెండ్రిక్ దొరను నా మీదికి పిలిచారు. వాహనాలు తూచే చోట మనుషులు నిలబడటం భద్రతా నియమాలకు విరుద్ధమని ఆయన రాలేదు. కొబ్బరి చిప్ప మాత్రం తిన్నాడు.

ఆ ఏడు చెంగమ్మ దొరనే ఆపింది. బెంగళూరు నుంచి వచ్చిన కొత్త మేనేజరు మధ్యలో నిలబడి ఆమె మాట ఆయనకూ, ఆయన మాట ఆమెకూ చేరవేశాడు.

"అంతా మీదే అయిపోయింది గదా సామీ. ఇంక రెండో మిషను ఎప్పుడొస్తాది?"

దొర ఓపిగ్గా విన్నాడు, ఆయనలో కోపమనేది లేదు. ఏడాది మొత్తం లెక్క తీస్తే ఉన్న లైనే ఆరో వంతు పని చేస్తోందని, ఐదు వంతుల కాలం ఖాళీగా ఉండే యంత్రానికి తోడు ఇంకొకటి ఎందుకని ఆయన అడుగుతున్నట్టు మేనేజరు చెప్పాడు.

"కాయ వచ్చేదే రెండు నెల్లు గదా సామీ."

దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. వారం తిరక్కుండానే గేటుకు ఒక బోర్డు వేలాడింది. పన్నెండు నెలలూ సమానంగా తోతాపురి సరఫరా చేసే రైతులకు కంపెనీ ప్రోత్సాహక బహుమతి ఇస్తుందని తప్పుల్లేని తెలుగులో రాసి ఉంది. ఏకాంబరం పైకి చదివి వినిపిస్తే వరసలో ఉన్న రైతులంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

"ధనుర్మాసంలో కాయమని చెట్లకి నువ్వే వచ్చి చెప్పు ఏకాంబరం. నా మాటయితే అవి వినేటట్టు లేవు" అంది చెంగమ్మ. ఆమె కూడా నవ్వింది గాని, ఆ రోజు ఆమె బండిలో సగం కాయ పనికిరాదని వెనక్కి పంపారు. రోడ్డు వారనే దింపేసి పోయింది.

నలభై ఉన్నప్పుడు ఎవరినో మెప్పించాలని ఏదో ఒక మాటైనా ఇచ్చేవాళ్లు. యాభై ఒకటి ఉన్నప్పుడు ఏదో ఒక సాకైనా చెప్పేవాళ్లు. నూరూ చేతికొచ్చాక రెంటి అవసరమూ తీరిపోయింది. అంతా తమదే అయినప్పుడు తొందరేముంది? పరాయి పెట్టుబడికి తలుపు తెరిస్తే ఎవరూ యంత్రాలు దించరని నేను అనను. పక్క మండలంలో ఒక కంపెనీ మొత్తం వాటా చేతికొచ్చాకే యంత్రాలు దించిందని విన్నాను. ఇంకొకటి చిన్న వాటాతోనే, ఇక్కడి భాగస్వామి పోరు పడలేక దించిందనీ విన్నాను. అవి నా మీదుగా రాలేదు కాబట్టి సాక్ష్యం చెప్పను.

ఒక రోజు నిజంగానే పెట్టెలు వచ్చాయి. చెన్నై రేవు నుంచి లారీ, దాని మీద పరాయి భాష అచ్చేసిన కొయ్య పెట్టెలు. అప్పుడు సీజను నడుస్తోంది, చెంగమ్మ ట్రాక్టరు ఆ లారీ వెనకాలే ఉంది. ఆమె దిగి వచ్చి ఒక పెట్టె మీద చెయ్యి వేసింది.

"వచ్చేసినాదా ఏకాంబరం?"

"వచ్చినట్టే ఉండాదక్కా" అన్నాడతను. గుండు హడావుడిగా జరిపాడు. నేను కూడా సంతోషంతో బరువు పలికాను. ఆ పెట్టెలు విప్పితే లోపల ఉన్నది కంప్యూటరు కాటా. నేను చెప్పే బరువు సముద్రాల అవతలున్న హెడ్డాఫీసుకు అప్పటికప్పుడు కనపడటం లేదట, అందుకని నా బదులు తెప్పించారు. అన్నేళ్లు ఎదురుచూస్తే మా ఫ్యాక్టరీకి వచ్చిన ఒకే ఒక్క కొత్త యంత్రం నా ఉద్యోగానికే వచ్చింది.

ఇప్పుడు నేను చిత్తూరు బయట పాత ఇనుము కొట్టులో ముక్కలు ముక్కలుగా ఉన్నాను. ఇత్తడి కడ్డీని ఎవరో ముందే కొనుక్కుపోయారు. త్వరలో కరిగిస్తారు, దాని గురించి నాకేం బెంగ లేదు. కాని నా ఆఖరి తూకం సంగతి చెప్పకుండా పోలేను.

నన్ను పెకలించడానికి ముందటి వేసవి అది, కొత్త కాటా ఇంకా బిగించలేదు. సీజను ఇంకా మొదలవలేదు, బాయిలరు పరీక్షకు వెలిగిస్తున్నారు. రోడ్డు ఖాళీ. గేటులోంచి నేరుగా ఒక ట్రాక్టరు వచ్చి నా మీద ఆగింది. నిండా ఎండిన దుంగలు. ఏకాంబరం గదిలోంచి బయటికి వచ్చి చూశాడు.

"ఏం కట్టెలక్కా ఇవి?"

"మామిడి కట్టెలే. తోట చలికాలంలోనే కొట్టించేసినా" అంది చెంగమ్మ. "ఇంక నిలబెట్టుకోని చూస్తా ఉండలేనబ్బా. తూచు."

అతను తూచాడు. నేను మోసిన బరువుల్లో అదేం పెద్దది కాదు. అయినా ఉన్నదానికంటే ఎక్కువ చెప్పాలని నాకు మొదటిసారి అనిపించింది. నాకు ఆ విద్య రాదు, ఉన్నంతే చెప్పాను. అంత బాధ నేను ఎన్నడూ పడలేదు.

మేనేజరు అటుగా వచ్చి ఒక దుంగను వేలితో కొట్టి చూశాడు, ముఖం విప్పారింది. "మామిడి కట్టె బాయిలర్లో బాగా మండుతుందమ్మా. మీ ఊళ్లో ఇంకెవరైనా అమ్ముతారా?"

"అందురూ అమ్ముతారు సామీ. రొంత ఓర్చుకోండి, ఒకరెనక ఒకరు వస్తారు."

ఆయనకు చాలా సంతోషమైంది. కట్టెల ట్రాక్టర్లు వస్తే గేటు దగ్గర ఆపకుండా లోపలికి పంపించమని వాచ్‌మన్‌కు చెప్పి ఆఫీసులోకి వెళ్లాడు.