తోళ్ళదిబ్బకు కొత్త పేరు

"టీలో చక్కెర తగ్గించు. వచ్చినోళ్ళు కమిటీవాళ్ళు, వియ్యంకులేం కాదు" అన్నాడు మా ఆయన ప్రేమానందం, తెర పక్కకు జరిపి తల మాత్రం లోపలికి పెట్టి. తల వెనక్కి తీసుకున్నవాడు మళ్ళీ పెట్టి, "అల్లం మటుకు దండిగా వెయ్యి" అన్నాడు. ఆ అల్లం దంచే చెయ్యి ఎవరిదో, ఆ గ్లాసులు కడిగే చెయ్యి ఎవరిదో ఆయనకు ఎప్పుడూ తట్టదు. టీ అంటే తెర వెనక నుంచి దానంతటదే వచ్చేదని ఆయన లెక్క. మాది ఒకే గది ఇల్లు. మధ్యలో నా పాత నూలు చీర అడ్డంగా కట్టి, ముందు సగం హాలు, వెనక సగం వంటిల్లు అనుకుంటాం. చీరకు అవతల మగవాళ్ళు కాలనీని బాగుచేస్తున్నారు. ఇవతల నేను పొయ్యి ఊదుతున్నాను. వాళ్ళ మాటలన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి. నేను వింటానని ఒక్కరూ గొంతు తగ్గించుకోలేదు. తగ్గించుకుని ఉంటే బాగుండేదని నాకెందుకో అనిపించింది.

మా కాలనీ ఆత్మకూరు దాటాక నెల్లూరు రోడ్డు పక్కన ఉంటుంది. ప్రభుత్వం కట్టించిన ఇళ్ళు, మూడు వీధులు, చివర్లో మా బాప్టిస్టు చర్చి. ఇళ్ళు రాకముందు ఆ చోట తోళ్ళు ఆరబెట్టేవాళ్ళట. నేను కాపురానికి వచ్చేనాటికి తోళ్ళూ లేవు, వాసనా లేదు, పేరు మాత్రం మిగిలింది. బస్సు ఆగితే కండక్టరు "తోళ్ళదిబ్బ, దిగండి దిగండి" అని అరుస్తాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా దిగేవాళ్ళ మొహాలు చూస్తారు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. టౌనులో ఆడవాళ్ళకు నా కుట్టు నచ్చుతుంది, కానీ వాళ్ళు కాలనీలో అడుగు పెట్టరు, గుడ్డ పనిమనిషి చేత పంపిస్తారు. కుట్టింది తీసుకెళ్ళి ఇస్తే ఒకావిడ "ఉతికి గానీ తొడుక్కోనులే లిదియా, ఏమీ అనుకోకు" అంది, నాకేదో మంచిమాట చెప్పినట్టు. నేను నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మాది ఉదయగిరి. నాయన మిషనరీల బడిలో పంతులు. సంబంధం తెచ్చినవాళ్ళు ఆత్మకూరు టౌనన్నారు, అబ్బాయి ఆఫీసులో అటెండరన్నారు, పక్కా ఇల్లన్నారు. పక్కా ఇల్లే, అబద్ధం కాదు. నాయన వచ్చి గోడలు తట్టి, పైన స్లాబు చూసి మురిసిపోయి వెళ్ళాడు. దొడ్డి ఎక్కడని అడగాలని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు. మా పుట్టింటి పెరట్లో ఒక మూల అందుకని తాటాకు దడి ఉండేది. అందరిళ్ళలోనూ అలాంటిది ఉంటుందనుకున్నాను. కాపురానికి వచ్చిన మర్నాడు చీకటితోనే మా అత్త రెబెకమ్మ చెంబు నా చేతిలో పెట్టి, "లెయ్యి లెయ్యి, తెల్లారితే బస్సులొస్తాయి" అంది. రోడ్డుకు అవతల చిల్లచెట్లు, ఒళ్ళంతా ముళ్ళు. కొత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుని కూర్చున్నానో లేదో లారీ లైటు మా మీద పడింది. ఆడవాళ్ళందరూ గభాలున లేచి నిలబడ్డారు. లారీ పోయాక నవ్వుకుంటూ మళ్ళీ కూర్చున్నారు. ఏడ్చింది నేనొక్కదాన్నే. తర్వాత తర్వాత నేనూ నవ్వడం నేర్చుకున్నాను.

ఆయన బాధ ఆయనకుంది, కాదనను. ఆఫీసులో ఎవరైనా ఇల్లెక్కడ అంటే నెల్లూరు రోడ్డు అని చెప్పేవాడు. ఒకరోజు పెద్ద గుమాస్తా అందరి ముందూ, "నెల్లూరు రోడ్డంటే నెల్లూరు దాకా ఉండాది గదయ్యా, తోళ్ళదిబ్బ అని చెప్పరాదా" అని నవ్వాడట. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే, "నీకేం తెలస్తాది, ఇంట్లో ఉండేదానివి" అని విదిలించుకున్నాడు. టౌను ఆవిడ జాకెట్టు సంగతి నేనాయనకు అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళమేమో. చెప్పలేదు. అప్పటినుంచి ఆయన మనసులో ఒకటే కోరిక. కాలనీ మొగదల సిమెంటు ఆర్చి కట్టాలి, దాని మీద బెతెల్ నగర్, అంటే దేవుని ఇల్లు, అని కొత్త పేరు రాయించాలి.

తొంభై ఏడులో ఆ కోరిక తీరే దారి వచ్చింది. మీ కాలనీకి ఏం కావాలో మీరే కూర్చుని అనుకోండి, ఇటుకా సిమెంటూ మేమిస్తాం, ఒళ్ళొంచి పనిచెయ్యడం మీ వంతు అని ఆఫీసరొకాయన వచ్చి చెప్పి వెళ్ళాడు. మీరే అంటే ఎవరు? మా ఇంట్లో చీరకు అవతల టీ తాగుతున్నవాళ్ళు. మా ఆయనే ప్రెసిడెంటు. ఆ రోజు గ్లాసులు అందిస్తూ నేనే నోరు విప్పాను. "ముందు ఇంటింటికీ వెనకాల లెట్రిన్ కట్టిస్తే బాగుంటాది. ఆడపిల్లలు పెద్దోళ్ళవతా ఉండారు" అన్నాను. ఒక్కరూ నావైపు చూడలేదు, అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ప్రేమానందం నవ్వి, "దేశం ఏడికో పోతా ఉంటే, ఆడోళ్ళ ఆలోచన చెంబు దాటి రాదు" అన్నాడు. దానికి మటుకు అందరూ నవ్వారు. వాళ్ళు వెళ్ళాక ఆయన మొహం మారిపోయింది. "నలుగురు మగోళ్ళలో ఆ మాట ఎత్తేదానికి సిగ్గు లేదా నీకు?" అన్నాడు. రోజూ రోడ్డు పక్కన కూర్చోవడానికి అక్కర్లేని సిగ్గు ఆ మాట అనడానికి కావలసి వచ్చింది.

సభ చర్చిలోనే పెట్టారు, అంతమంది పట్టే చోటు కాలనీలో ఇంకొకటి లేదు. చర్చిలో కూర్చున్నాక ప్రార్థన చెయ్యకుండా లేవడం మాకు తెలియదు. మగవాళ్ళు ఒక పక్క, ముసుగులేసుకుని మేమొక పక్క. ఆఫీసరు మాట్లాడాడు. మా ఆయన మాట్లాడాడు. ముగింపు ప్రార్థన కూడా ఆయనే చేశాడు. "ఆర్చి కట్టే ఈ పని నీ చిత్తప్రకారం జరిగించు తండ్రీ, మా కాలనీ మీద ఉన్న నిందను తీసివేయి తండ్రీ" అన్నాడు. ఆయన గొంతు నిజంగానే వణికింది. యేసు నామమున అనగానే చర్చి మొత్తం ఆమెన్ అంది. నేనూ అన్నాను. మాటలు వచ్చినప్పటినుంచీ అలవాటైన నోరు, నేను ఆపేలోపే అనేసింది. కళ్ళు తెరిచేసరికి ఆఫీసరు ఎంతో సంతోషంగా రాసుకుంటున్నాడు. "ఒక్కరు కూడా కాదనలేదు! ఇంత ఐకమత్యం నేనెక్కడా చూడలేదండీ" అన్నాడు. మేము చేసింది ప్రార్థన. ఆయన దాన్ని ఓటు కింద రాసుకున్నాడు. ఇది ఓటు కాదండీ అని చెప్పడానికి ఎవరూ లేవలేదు. అసలు ఏం జరిగిందో సగం మంది ఆడవాళ్ళకు తెలియనే లేదు.

ఇక ఒళ్ళొంచేటప్పుడు కాలనీవాళ్ళంటే మేమే. ఇసుక మోసింది మేము, ఇటుక అందించింది మేము, సిమెంటు తడిపే నీళ్ళు బిందెలతో తెచ్చింది మేము. కమిటీవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని ఇటు జరపండి, అటు జరపండి అన్నారు. "మొగుడు ప్రెసిడెంటై ఉండి నువ్వు ముందర తట్ట ఎత్తకపోతే ఊరేమనుకుంటాది?" అని మా అత్త నన్ను పొద్దున్నే తరిమేది. మధ్యాహ్నం అన్నం ఆలస్యమైతే, "తట్ట మోసినోళ్ళు వంట చెయ్యరా?" అనేది ఆవిడే. ఆర్చి లేచింది. నీలం రంగు వేశారు, తెల్లటి అక్షరాలతో బెతెల్ నగర్ అని రాయించారు. మొదటిరోజు టౌను నుంచి ఇద్దరం బస్సులో వస్తుంటే, దిగడానికి మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. కండక్టరు బస్సాపి, "తోళ్ళదిబ్బ ఆర్చి కాడ దిగేవాళ్ళు రండి" అని అరిచాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక అయ్యో అనిపించింది.

ఆ వానాకాలంలోనే మా అమ్మాయి ఏంజెలిన్‌కు జ్వరం పట్టుకుంది. తొమ్మిదో తరగతి పిల్ల. ఒంటికి పోయేటప్పుడు మంటని ఏడ్చేది. ఆసుపత్రిలో నర్సమ్మ మందులిచ్చి, "నీళ్ళు బాగా తాగాల పాపా, తాగకుండా ఉండేదానికే ఇట్లా వచ్చింది" అంది. ఇంటికొచ్చి గ్లాసు నోటిదగ్గర పెడితే మొహం తిప్పుకుంది. "తాగితే పోవాల గదమ్మా. ఆ రోడ్డు మీద లారీ క్లీనర్లు ఈలలేస్తారు. నువ్వు మాత్రం తాగతావా సాయంత్రం పూట?" అంది. నేను తాగను. పెళ్ళైనప్పటినుంచీ పొద్దువాలాక గుక్కెడు మించి తాగను. నీళ్ళు తాగొద్దని పిల్లకు నేనెప్పుడూ చెప్పలేదు, నన్ను చూసి అదే నేర్చుకుంది. పిల్లకు ఏదైనా మంచి నేర్పానా అని వెతుక్కుంటే ముందు ఇదే కనబడింది. ప్రేమానందం పిల్ల తల నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు. ప్రాణమే ఆ పిల్లంటే. కడకు, "ఆర్చికి లైటు పెట్టిస్తే ఈలలు తగ్గతాయిలే" అన్నాడు.

తర్వాత ఇటుకలు రెండో విడత వచ్చాయి. వాటిని ఆర్చి పక్కన పేర్చారు. ఈసారి రోడ్డు వెంబడి పొడవునా గోడ కడతారట, బస్సుల్లో పోయేవాళ్ళకు మా పెరళ్ళు కనబడకుండా. ఆ మాట చీర వెనక నుంచి విన్నాను. ఇల్లిల్లూ తిరిగాను. గోడ వద్దని, లెట్రిన్లు కట్టమని అందరం కలిసి అడుగుదాం రండి అన్నాను. "దేవుని సన్నిధిలో ఆమెన్ అనేసినాం గదా లిదియమ్మా, మాట తప్పితే పాపం" అన్నారు. అది ఆర్చికి కదా అంటే, "అంతా ఒకటే పని గదా" అన్నారు. వాళ్ళ భయం మొగుళ్ళంటేనని, అడ్డం పెట్టుకుంది దేవుణ్ణని నాకు తెలుసు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నిన్నటిదాకా నేనూ అంతే. చర్చికి రాకుండా తన ఇంటి మెట్టుమీద కూర్చుని ఆకూవక్కా నమిలే ఆదిశేషమ్మ ఒక్కతే, "నేను ఆమెన్ అన్లా. మీ దేవుడికి నేనేం బాకీ లేను. పద, నేను వస్తా" అంది. ఆవిడను మనిషి కింద ఎవరూ లెక్కపెట్టరు. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాను, కాళ్ళు ఆడలేదు. గోడకు గోడ ఆనించి కట్టిన ఇన్ని ఇళ్ళున్నాయి. ఏ ఇంట్లో ఎవరు దగ్గినా మాకు వినబడుతుంది. ఆవిడ తప్ప ఒక్క మనిషి కూడా నాకు తోడు లేదు. అంత ఒంటరితనం నాకు మా అమ్మ పోయినప్పుడు కూడా తెలియలేదు.

రెండో సభకు ఆఫీసరు కొత్త సంగతి మోసుకొచ్చాడు. ఆడవాళ్ళు కూడా పాల్గొనాలట, పైనుంచి గట్టిగా చెప్పారట. "ఎవరైనా ఒక మహిళ మాట్లాడితే రాసుకుంటాను" అన్నాడు. ఎవరూ కదల్లేదు. అప్పటికే గోడ గురించి మగవాళ్ళు అనుకోవడమూ అయింది, తలలూపడమూ అయింది. ప్రేమానందం లేచి చేతులు కట్టుకుని, "మా ఇంటామె ముగింపు ప్రార్థన చేస్తాది సార్" అన్నాడు. ఆఫీసరు తృప్తిగా రాసుకున్నాడు. మా ఆయన నావైపు వంగి, "గోడ పని పేరెత్తి ప్రార్థన చెయ్యి. తొందరగా ముగించు, సారు పోవాల" అన్నాడు చిన్నగా.

లేచి ముసుగు సర్దుకున్నాను. తలలన్నీ వంగాయి, కళ్ళన్నీ మూతపడ్డాయి. ఆఫీసరు కూడా మర్యాదకు మూసుకున్నాడు. మాలో ప్రార్థన చేస్తున్న మనిషిని ఎవరూ ఆపరు. ఒకసారి పెద్దాయన సామ్యేలు ప్రార్థన చేస్తుంటే బయట ఆరబోసిన వడ్లు వానకు తడిసిపోయాయి, అయినా ఒక్కరు లేవలేదు. పాస్టరైనా ఆపడు, మొగుడైనా ఆపడు. పుట్టి బుద్ధెరిగాక నా మాటకు ఎవరూ అడ్డం రాని చోటు ఇదొక్కటేనని నాకప్పుడు తట్టింది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, మమ్మును నీ సన్నిధిలో సమకూర్చినందుకు నీకు స్తోత్రం" అని అందరూ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాను. ఆపైన ఆ భాష నాకు అందలేదు. పొయ్యి దగ్గర మాట్లాడినట్టే మాట్లాడాను. "తండ్రీ, ఈడ కూర్చున్న ఆడోళ్ళెవురూ పొద్దుగూకినాక నీళ్ళు తాగరు. అది నీకు తెలుసు, వీళ్ళ మొగుళ్ళకు తెలీదు. నా బిడ్డ మంటకు ఓర్చుకోలేక ఏడస్తా ఉండాది, నువ్వు చూస్తానే ఉండావు. మా అత్తకు మోకాళ్ళు వంగవు, ముళ్ళకొమ్మ పట్టుకుని కూర్చుంటాది. ఆమె అరచేతులు చూడు తండ్రీ." మా వరసలో ఎవరో ముక్కు చీదారు. మా అత్తే అనిపించింది. "ఈ ఇటుకలు గోడకొద్దు. మా ఇండ్ల వెనక్కి పంపించు. బస్సులో పోయేవాళ్ళకు మేం కనబడకుండా చేసేది కాదు తండ్రీ, మా బిడ్డలు నిమ్మళంగా నీళ్ళు తాగేటట్టు చెయ్యి. మా ఆయన కాలనీకి మంచి పేరే రావాలని కోరుకున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు." అక్కడ ఆగాను. "ఉండాది తండ్రీ. నీ ముందర అబద్ధమెందుకు? శానా ఉండాది."

ప్రేమానందం దగ్గాడు. ముగించమని. ఆ దగ్గు నాకు బాగా తెలుసు. అది వినబడితే నేను లేచి తలుపు తీస్తాను, నీళ్ళందిస్తాను, అనబోయిన మాట మింగేస్తాను. మళ్ళీ దగ్గాడు, ఈసారి గట్టిగా. బయట ఆఫీసరు జీపు డ్రైవరు హారను కూడా కొట్టాడు. బల్ల మీద ఎవరో కదిలిన చప్పుడైంది. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

"ఇంకా ఉండాది తండ్రీ" అన్నాను. "అంతా చెప్పినాకే ముగిస్తా. అందాకా ఎవురూ కళ్ళు తెరవబాకండి."