సీమోను లెన్సు

శ్రీకాకుళంలో పెళ్లి ఫొటోలు తీసే స్టాన్లీ, కొనేముందు చూసుకుందామని కొట్టు నుంచి ఒక కొత్త జూమ్ లెన్సు తెచ్చుకున్నాడు. పాతది అతని అన్న సీమోనుది. నిరుడు కళింగపట్నం సముద్రంలో సీమోను మునిగిపోయాక అతని గుర్తుగా మిగిలింది అదొక్కటే.

ఆ తీరానికే వెళ్లి, స్టాండు కదపకుండా, నిమిషం తేడాలో రెండు లెన్సులతోనూ లైట్‌హౌస్‌ని తీశాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఆ ఫొటోలను పెద్దవి చేసి చూశాడు. కొత్తదానిలో అంచుల దాకా స్పష్టంగా ఉంది. ఇసుక మీద ఎవరూ లేరు. పాతదానిలో మూలలు మసకబారాయి. లైట్‌హౌస్ కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"ఏటండీ, ఈ మనిషెవులు?" అంది భార్య దీవెన.

"ఏదో మరకలే," అన్నాడు గానీ, ఒక భుజం కిందికి వాల్చి నిలబడే ఆ తీరు అతనికి బాగా తెలుసు.

మర్నాడు ఉదయం మళ్లీ తీశాడు. కొత్తదానిలో ఖాళీ ఇసుకే. పాతదానిలో ఆ మనిషి సగం దూరం నడిచి వచ్చేశాడు. ముఖం మాత్రం ఇంకా ఆనవాలు పట్టలేనంత మసక.

"ఆ పాతది అమ్మీయండి, నాకు బయంగా ఉన్నాది," అని దీవెన ఏడ్చింది.

స్టాన్లీ ఆమెను ఓదార్చాడు. కొత్త లెన్సు కొట్లో తిరిగి ఇచ్చేసి, మూడో రోజు పాతదొక్కటే పట్టుకుని తీరానికి బయల్దేరాడు.