వెనక సీటు సంగతి

కొవ్వూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆరోన్‌కి ఆ ఏడాది వానలు పడ్డప్పటి నుంచీ కుదురనేది లేదు. క్లాసులో ఉంటే మనసు వరండాలో, వరండాలో ఉంటే గేటు దగ్గర. ఇంటికొస్తే కుర్చీలో కూర్చుని కాలు ఊపుతాడు. లేచి వెళ్ళి నీళ్ళ మోటారు కట్టేసి వస్తాడు, అది అంతకుముందే కట్టేసి ఉంటుంది. మళ్ళీ కూర్చుని ఫోన్లో మోటారు సైకిళ్ళ వీడియో పెట్టుకుంటాడు. కాలు కాలిన పిల్లి అయినా కాసేపు ఎక్కడో ఒకచోట పడుకుంటుంది, ఈయనకి అదీ లేదు.

యాభై దాటిన లెక్కల మేస్టారికి టూరింగ్ బండి ఎందుకండీ అని మీరు అడగొచ్చు. కొవ్వూరంతా అడిగింది. భార్య ఆశాజ్యోతిని వెనక కూర్చోబెట్టుకుని క్రిస్మస్ సెలవుల్లో కన్యాకుమారి దాకా వెళ్ళాలని ఆయన కోరిక. పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయి. ఉన్న పాత బండి గోదావరి వంతెన ఎక్కడానికే దగ్గుతోంది. జ్యోతి ఎలిమెంటరీ స్కూలు హెడ్‌మిస్ట్రెస్, ఊరికే దేనికీ తల ఊపే మనిషి కాదు. అలాంటిది వేసవిలోనే "సరేనండీ, వెళ్దాం" అంది. ఇక బండి ఎంచుకోవడమే మిగిలింది. అక్కడే వచ్చింది తంటా.

వీడియోలన్నీ చూసి, కనిపించినవాళ్ళందరినీ అడిగి, చివరికి మూడు బండ్ల దగ్గర ఆగాడు. రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్ పెద్ద బండ్లు అమ్మే షోరూములో మూడూ పక్కపక్కనే ఉన్నాయి. కంపెనీ పేర్లు జ్యోతికి గుర్తుండటం లేదని తనే పేర్లు పెట్టాడు. మొదటిది దున్న. ఒకటే సిలిండరు, గుడగుడమనే చప్పుడు, ఎత్తు తక్కువ, బరువు జాస్తి, తొందరంటే ఏంటో తెలీదు. రెండోది కొంగ. పొడుగు కాళ్ళు, సన్నటి నడుం, గుంతల్ని లెక్కచెయ్యదు, కానీ చీర కట్టుకున్న మనిషి ఎక్కాలంటే కింద పీట వెయ్యాలి. మూడోది పిల్లి. రెండు సిలిండర్లు, ఎంత స్పీడులోనూ హ్యాండిల్ వణకదు, చప్పుడు కూడా మర్యాదగా ఉంటుంది.

సోమవారం దున్న అనేవాడు. తెల్లారేసరికి దున్న బ్రేకుల మీద అనుమానం వచ్చేది. సరే కొంగ అనుకుంటే, ఎవడో తమిళ కుర్రాడు వీడియోలో కొంగ చెయిను గురించి పెదవి విరిచేవాడు. ఒక ఆదివారం ప్రసంగం జరుగుతుంటే పిల్లి ట్యాంకులో ఎంత పెట్రోలు పడుతుందా అని ఆలోచిస్తూ, గుడి మొత్తం పాటకి లేచి నిలబడినా తానొక్కడే కూర్చుండిపోయాడు. పాస్టరు గారు మోకాళ్ళ నొప్పులేమో అనుకుని ప్రార్థన కూడా చేశారు.

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. ఏడుపు సంగతి పెట్రోలు బంకులో జరిగింది.

ఆ రోజు పెనుగొండలో బంధువుల ఇంట కృతజ్ఞత ప్రార్థన కూడికకి వెళ్ళి, ఇద్దరూ పాత బండి మీద తిరిగొస్తున్నారు. నిడదవోలు దాటాక బంకులో ఆగారు. బంకులో వెనక కూర్చున్న ఆడమనిషి దిగి, ఓ పక్కన నిలబడి కొంగు సర్దుకోవడం, మగాడు పెట్రోలు కొట్టించి బండి ముందుకు తీశాక మళ్ళీ ఎక్కడం మామూలే కదా. జ్యోతి అలాగే దిగింది. హ్యాండ్‌బ్యాగూ, అందులో ఫోనూ బండి హ్యాండిలుకే వేలాడుతున్నాయి. ఆరోన్ పెట్రోలు కొట్టించాడు, డబ్బులిచ్చాడు. వెనక ట్రాక్టరు వాడు హారన్ కొట్టాడు. ఈయన గేరు వేసి రోడ్డెక్కేశాడు.

అంతే. పెళ్ళాన్ని బంకులో వదిలేసి వెళ్ళిపోయాడు మహానుభావుడు!

వెళ్ళినవాడు ఊరికే వెళ్ళాడా? మాట్లాడుతూ వెళ్ళాడు. దున్న బ్రేకులు, కొంగ చెయిను, పిల్లి మైలేజీ, అన్నీ ఏకరువు పెట్టి "ఏమంటావు జ్యోతీ?" అని అడిగాడు. జవాబు లేదు. ఆలోచిస్తోంది కాబోలు అనుకున్నాడు. ఓ పక్క కాలవ, ఓ పక్క పొలాలు, చల్లగాలి, రోడ్డు మీద నరపురుగు లేదు. ఆ ధైర్యంతో, ఇన్నేళ్ళలో ఎన్నడూ నోటిదాకా రాని మాటలు కూడా వచ్చేశాయి. ఇంట్లో ఎదురుగా నిలబడి చచ్చినా చెప్పలేని మనిషి, రోడ్డు వైపు చూస్తూ చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఆయనకే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వెనక నుంచి ఒక్క మాట లేదు. ఏడుస్తోంది పాపం, ఏడవనీ అనుకుని బండి ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చాడు.

చాగల్లు దగ్గర రైల్వే గేటు పడి ఉంది. ఆగాడు. పక్కన మోపెడ్ మీద అచ్చిబాబు ఉన్నాడు, వీళ్ళ వీధి చివర కిరాణా కొట్టు అతనిదే.

"ఏం మేస్టారూ, అమ్మగారు లేకుండా ఎవరితోనండీ అన్ని కబుర్లూ?"

వెనక్కి తిరిగి చూశాడు. సీటు మీద ఎవరూ లేరు.

ఆరోన్ బండి వెనక్కి తిప్పాడు. బంకు సంగతి తట్టలేదు, ఏ గుంతలోనో ఎగిరి పడిపోయిందనుకున్నాడు. వచ్చిన దారంతా కాలవలోకీ, పొలాల్లోకీ చూసుకుంటూ, "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ బంకు దాకా వచ్చాడు. అక్కడ గాలి కొట్టే మిషను పక్కన, ఇసక బకెట్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది జ్యోతి. బంకువాళ్ళ ఫోను అడిగి తీసుకుని ఎన్నిసార్లు చేసిందో. కూడికలో సైలెంటులో పెట్టిన ఆయన ఫోను అలాగే ఉండిపోయింది.

ఆవిడ తిట్టలేదు. ఆయన ముఖంలోకి చూసి, "కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటండీ?" అంది.

"దుమ్ము," అన్నాడు.

ఆవిడ లేచి, చీర దులుపుకుని, రోడ్డు మీద వెళ్తున్న ఆటో ఆపి ఎక్కింది. ఆ రోజు నుంచి బండి ఎక్కలేదు.

ఇక కొవ్వూరి ఎటకారం సంగతి చెప్పాలా? అచ్చిబాబు ఉప్పు పొట్లం కట్టిన ప్రతి మనిషికీ ఈ కథ కూడా కట్టి ఇచ్చాడు. "మేస్టారూ, అమ్మగారు ఉన్నారో లేదో ఓసారి చూస్కోండి!" అని సైకిలు మీద పోయేవాళ్ళు కూడా అరిచేవారు. అన్నిటికంటే ఆదివారాలు ఘోరం. ఆరాధనకి ముందు ఆటోలో జ్యోతి, దాని వెనకే ఖాళీ సీటుతో ఈయన. గుడి మెట్ల మీద నిలబడ్డవాళ్ళు నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు.

ఓ సాయంత్రం ఆరోన్ తెగించి అడిగాడు. "మర్చిపోయాను జ్యోతీ, పొరపాటైంది. మనిషన్నాక మర్చిపోడా?"

జ్యోతి బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపింది. "మర్చిపోయినందుక్కాదండీ నా బాధ. చాగల్లు దాకా నేను ఒక్క మాట మాట్లాడకపోతే మీకు తేడా తెలీలేదు. అంటే రోజూ వెనక కూర్చుని నేను చెప్పేవన్నీ ఏమైపోతున్నట్టు? నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అన్నమాట. మీకు ఇష్టమైన బండి కొనుక్కోండి, కన్యాకుమారి కాకపోతే కాశ్మీరు వెళ్ళండి. నేను మాత్రం ఎక్కను."

ఆరోన్ నోరు తెరిచాడు. ఆవేళ దారిలో చెప్పినవి నాలుక చివరిదాకా వచ్చాయి. ఎదురుగా ఆవిడ కళ్ళు కనిపించేసరికి మళ్ళీ లోపలికి పోయాయి. లేచి వెళ్ళి మోటారు కట్టేసి వచ్చాడు.

అదీ ఆయన అవస్థ. ఆ మాటలు చెప్పాలంటే బండి మీదే చెప్పగలడు, ఆవిడేమో బండి ఎక్కదు. సెలవులు దగ్గర పడుతున్నాయి. చేతకాని కోపమంతా బండ్ల మీదికి మళ్ళింది. మంచి బండి అయితే ఆవిడ ఎక్కుతుందనీ, మంచి బండి అయి ఉంటే ఆవేళ ఇలా జరిగేదే కాదనీ తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. స్కూలు వదలగానే వంతెన దాటి షోరూముకి పోవడం, దున్న ఎక్కి దిగడం, కొంగ ఎక్కి దిగడం, పిల్లి చుట్టూ తిరగడం. అక్కడ పనిచేసే సుప్రియ అనే అమ్మాయికి ఈయన్ని చూడగానే నీరసం వచ్చేది.

అయినా ఓపిగ్గానే చెప్పింది. "ఇంకేం ఆలోచించకండి సార్, ఇదే తీసుకోండి," అని పిల్లి సీటు మీద చెయ్యేసింది. "వెనకాల మనిషిని ఎక్కించుకున్నా ఇంజనుకి ఆ బరువు పట్టదండి. అసలు వెనక ఎవరైనా ఉన్నారా లేదా అన్నది కూడా మీకు తెలీదండి!"

ఆరోన్‌కి మొహాన చన్నీళ్ళు కొట్టినట్టయింది. నెలల తరబడి పిల్లిలో ఆయన మెచ్చుకున్నది అదే మరి.

"తెలిసే బండి ఏదమ్మా?" అన్నాడు.

"ఏంటండీ?"

"వెనక మనిషి ఎక్కితే తెలియాలి. దిగిపోతే తెలియాలి. అలాంటిది ఉందా?"

సుప్రియ ఓ క్షణం ఆయన్ని తేరిపార చూసింది. తరవాత నవ్వు పెదవుల్లో నొక్కిపెట్టి, "సార్, కొవ్వూరు మేస్టారు మీరేనాండీ?" అంది.

కథ వంతెన కూడా దాటేసిందన్నమాట. ఆరోన్ బయటికి వచ్చేశాడు. వంతెన మీద ఇంటికి వస్తూ, అలవాటు కొద్దీ ఏదో చెప్పబోయి, నాలుక కరుచుకున్నాడు. వెనక ఖాళీ ఆ రోజు ఆయన వీపుకి తగిలింది. ఇంత ఖాళీని ఆవేళ ఎలా పోల్చుకోలేకపోయానురా దేవుడా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి చెప్పేశాడు. "బండి కొనను. కన్యాకుమారికి రైల్లో వెళ్దాం. టికెట్లు చూస్తాను."

జ్యోతి వింతగా చూసింది. "అదేంటి? దున్న ఏమైంది?"

"ఏ బండైనా ఒకటే. నడిపేవాడు నేనే కదా."

ఆ రాత్రి ఆయన ఫోను ముట్టుకోలేదు, మోటారు దగ్గరికి పోలేదు, కుర్చీలో కాలైనా ఊపకుండా కూర్చున్నాడు. అలా కూర్చోవడం చూస్తే ఆవిడకి బెంగ పట్టుకుంది. పొద్దున్నే కాఫీ ఇస్తూ, "ఇన్నాళ్ళూ నా చెవుల్లో సిలిండర్లు రుబ్బి, ఇప్పుడు రైలంటే ఎలాగండీ? శనివారం నేనూ వస్తాను. ఆ జంతువుల్ని నా కళ్ళతో చూడాలి," అంది.

శనివారం ఆవిడ ఆటోలోనే వచ్చింది, అది వేరే సంగతి. షోరూములో కొంగని చూసి "దీని మీదికి నేనా?" అంది. పిల్లిని చూసి బాగుందంది, కానీ సీటు చివర పట్టుకోవడానికి ఏమీ లేదంది. దున్న దగ్గర ఆగి, ఒక పక్కకి తిరిగి ఎక్కి కూర్చుంది. వెనక స్ప్రింగులు కిర్రుమన్నాయి. ముందు కూర్చున్న ఆరోన్‌కి బండి కాస్త కిందికి దిగినట్టు తెలిసింది. ఆ దిగడం ఎంత హాయిగా అనిపించిందో ఆయనకే తెలుసు.

"ఓ రౌండు వేసి రండి సార్. పెట్రోలు మాత్రం బంకు దాకానే ఉందండి," అంది సుప్రియ.

షోరూము బండ్లలో ఎప్పుడైనా అంతే ఉంటుంది. ఈయన మాత్రం బంకు అనగానే బిగుసుకుపోయాడు.

బంకులో జ్యోతి దిగింది. పక్కకి వెళ్ళి నిలబడింది, ఇక్కడా గాలి మిషను పక్కనే. ఆరోన్ పెట్రోలు కొట్టించాడు. వెనక కారు వాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఈయన బండి స్టార్టే చెయ్యలేదు. కిందికి దిగి, అంత బరువున్న దున్ననీ రొప్పుతూ తోసుకుంటూ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాడు. తను ఎక్కి, "ఎక్కు జ్యోతీ," అన్నాడు.

ఎక్కింది. స్ప్రింగులు కిర్రుమన్నాయి.

"ఎక్కావా?" అని మళ్ళీ అడిగాడు, బంకంతా వినబడేలా.

"ఎక్కాను. ఇంకా పోనివ్వకండి. ఆవేళ చాగల్లు దాకా ఏం చెప్పారు?"

"బండ్ల గురించే."

"బండ్ల గురించి చెబితే కళ్ళు ఎర్రబడతాయా? నేను బడిపిల్లల్ని సాకే దాన్నండీ. దుమ్ము ఏదో, ఏడుపు ఏదో నాకు తెలీదా?"

"రోడ్డెక్కాక చెప్తాను."

"ఇక్కడే చెప్పండి. రోడ్డెక్కితే మీరు మళ్ళీ గాలికే చెప్తారు."

ఆరోన్ పెట్రోలు ట్యాంకు వైపు చూస్తూ కూర్చున్నాడు. దాని మూత ఓసారి తిప్పి చూశాడు. చివరికి మొదలుపెట్టాడు.

"పాతికేళ్ళుగా నిన్ను వెనకేసుకుని తిరిగాను. పెళ్ళిళ్ళకీ, చావులకీ, ఆస్పత్రికీ, కూడికలకీ. ఎక్కడికెళ్ళినా మనకోసం ఎవరో ఒకరు కాచుకుని ఉండేవారు. బండి దిగీ దిగడంతోనే నువ్వు వాళ్ళ వంటింట్లోకి పోయేదానివి. మనకోసం ఎవరూ కాచుకుని ఉండని చోటికి ఒక్కసారి తీసుకెళ్ళాలని నాకు. అక్కడ నువ్వు కూర్చోవాలి, టీ నేను తేవాలి. ఎందుకూ అంటే... నువ్వంటే నాకు చాలా ఇష్టం. అది ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు లేకపోతే నేను ఎక్కడికీ వెళ్ళలేను జ్యోతీ, అని చెప్పాను ఆవేళ. నువ్వు లేకుండానే వెళ్ళిపోతూ చెప్పాను."

వెనక నుంచి జవాబు లేదు.

అదే నిశ్శబ్దం. ఆవేళ చాగల్లు రోడ్డు మీద విన్నదే. ఆరోన్ కంగారుగా వెనక్కి తిరిగి చూశాడు.

జ్యోతి ఉంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఏంటలా చూస్తారు?" అంది. "దుమ్మండీ. పోనివ్వండి."