ఒక్క పేజీకి మించకుండా

లాత్రప్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు గిఫర్డ్ స్టాన్‌హోప్‌కి ఆ అక్టోబరులో జరిగిన అవమానం ఏమిటో చెబితే మామూలు మనుషులు నవ్విపోతారు. సిరక్యూస్‌లో ఒక కాలేజీకి కొత్త అధ్యక్షురాలు వచ్చింది. అలాంటప్పుడు చుట్టుపక్కల కాలేజీల పెద్దలంతా గౌన్లు తొడుక్కుని, కుచ్చుల టోపీలు పెట్టుకుని ఊరేగింపుగా సభలోకి నడవాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చదువునుబట్టి తేలదు, భవనాల ఎత్తునుబట్టీ తేలదు. ఏ సంస్థ ముందు పుట్టిందో అది ముందు నడుస్తుంది. లాత్రప్ పుట్టింది 1919లో. సెయింట్ వల్బర్గా కాలేజీ 1908లో. అందుకని స్టాన్‌హోప్ ఆ పచ్చిక మైదానం పొడుగునా వల్బర్గా అధ్యక్షురాలు సిస్టర్ లియోబా వెనకాల నడిచాడు. ఆవిడకి ఎనభై ఒక్క ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, చేతికర్ర. ఆవిడ ఆగినప్పుడల్లా ఈయనా ఆగాడు. ఆవిడ తెలిసినవాళ్లని పేరుపేరునా పలకరిస్తుంటే, ఈయన కుచ్చు సర్దుకుంటూ నిలబడ్డాడు.

బఫెలోలోని తన విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చిన మర్నాడే విల్మా సద్లోవ్‌స్కీని పిలిపించాడు. విల్మా విశ్వవిద్యాలయపు పాత కాగితాలకి కాపలా. లైబ్రరీ కింద, బాయిలర్ గది పక్కన, ముప్ఫై మూడేళ్లుగా అదే కుర్చీ. అన్నేళ్లలో ఏ అధ్యక్షుడూ ఆమెని పైకి పిలిచిన పాపాన పోలేదు.

"విల్మా, మనం నిజంగా 1919లోనే పుట్టామంటావా?"

"గేటు మీద అలాగే ఉంది, సార్."

"సార్ ఏమిటి, గిఫ్ అను. గేటు సంగతి వదిలెయ్. మనకి ఇంకా పాత మూలం ఏదో ఒకటి ఉండే ఉంటుంది, నా మనసు చెబుతోంది. వెతికి పెట్టు. ఒక్క పేజీకి మించకుండా."

గిఫ్ అని ఆయన్ని మొహం మీద ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. ఒక్క పేజీ సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఆయన వచ్చిన మొదటి వారం వేసిన మొదటి హుకుం అదే. తన బల్ల మీదికి వచ్చేది ఏదైనా ఒక్క పేజీలో ఉండాలి. రెండో పేజీ ఉంటే చదవకుండా తిప్పి పంపిస్తాడు. గొప్పవాళ్లకి తీరిక ఉండదని ఆయన నమ్మకం. తీరిక లేకపోవడమే గొప్పతనమని కూడా నమ్ముతాడేమో, విల్మాకి ఆ అనుమానం ఎప్పటినుంచో ఉంది.

లాత్రప్ చరిత్ర విల్మాకి కొట్టినపిండి, అందుకే ఆమెకి దాని మీద ఏ కోశానా గౌరవం లేదు. ఎజ్రా లాత్రప్ సబ్బులు కాచేవాడు. తన ఫ్యాక్టరీకి గుమాస్తాలు కావలసివచ్చి కాలేజీ పెట్టాడు. మొదటి విద్యార్థి చేరకముందే తనకి తాను గౌరవ డాక్టరేటు ఇచ్చుకున్నాడు. తర్వాతివాడికి రేవు వాసన పడలేదు, కాలేజీని ఎత్తుకొచ్చి మెయిన్ స్ట్రీట్‌లో పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవాడు దివాలా తీసిన దంతవైద్య కాలేజీని మింగాడు, దానికి గుమ్మటం ఉందని తప్ప మరో కారణం లేదు. 1962లో వచ్చిన మహానుభావుడు మురికివాడని బాగుచేస్తానని పదకొండు వీధుల ఇళ్లు కూలగొట్టించాడు. వాటిలో విల్మా పుట్టిన ఇల్లు ఒకటి. వాళ్లమ్మ కజ్జికాయల్లాంటి పియెరోగీలు వత్తిన వంటగది ఇప్పుడు డి-పార్కింగ్‌లో నలభయ్యో గడి దగ్గర ఎక్కడో ఉంది. అక్కడ కారు నిలుపుకున్నందుకు విల్మా నెలనెలా లాత్రప్‌కే అద్దె కడుతుంది. ప్రతి అధ్యక్షుడూ దిగిపోయేముందు ఒక చరిత్ర పుస్తకం రాయించుకున్నాడు. ఏ పుస్తకం చూసినా అంతకుముందు జరిగినదంతా ఆయన రాకకోసం ఎదురుచూపే.

ఇన్నిట్లోనూ విల్మా మనసు విరగని చోటు ఒకటుంది. రేవు దగ్గర లూసియానా వీధిలో, రెండంతస్తుల ఎర్రఇటుకల ఇంట్లో, లాత్రప్ వాళ్ల సాయంకాలం బడి. పగలంతా పనిచేసుకునేవాళ్లు ఏడింటికి వచ్చి చదువుకునే చోటు. కుట్టుమిషను మీద నడుం వంచి వచ్చిన విల్మా తల్లి ఇంగ్లీషు అక్షరాలు దిద్దింది అక్కడే. విల్మా డిగ్రీ కూడా అక్కడిదే. ఆ బడిని మే నెలాఖరుకి మూసేసి, ఇంటిని అపార్ట్‌మెంట్లు కట్టేవాడికి అమ్మేస్తున్నట్టు సెప్టెంబరులో నోటీసు వచ్చింది. అదీ ఒక్క పేజీయే.

గురువారం సీఫస్ టాలివర్‌కి సెలవు. బస్సు డిపోలో మెకానిక్కు, అరవై ఆరేళ్లు, సాయంకాలం బడి విద్యార్థి. బాయిలర్ వెచ్చదనానికి ఆశపడి మధ్యాహ్నాలు విల్మా దగ్గరికి పుస్తకాలతో వచ్చి కూచుంటాడు. ఆ గురువారం పుస్తకం తెరవలేదు.

"మిగిలింది రెండే రెండు కోర్సులు, విల్మా. పంతొమ్మిదేళ్లు, ఏడాదికి రెండేసి చొప్పున ముప్ఫై ఎనిమిది లాగాను. ఈ మే దాకా పోతే ఒకటి అవుతుంది. మిగతా ఆ ఒక్కదానికీ పగలు రావాలట. నేను పగలు ఇక్కడ కూచుంటే బస్సుల కింద దూరేది ఎవడు, ఆ గిఫ్‌గాడా?"

"ఉత్తరం రాయకపోయావా?"

"రాశాగా. మూడు పేజీలయింది. తిరిగొచ్చింది."

"చదివాడా?"

"మొదటి పేజీ కూడా నలగలేదు. నీటుగా పంపించాడు పెద్దమనిషి."

విల్మాకి ఒళ్లు మండిపోయింది. పంతొమ్మిదేళ్లు ఈ మనిషి గ్రీజు కడుక్కుని బస్సెక్కి వెళ్లి పాఠం విన్నాడు; ఆ స్టాన్‌హోప్‌గాడికి మూడు పేజీలు చదివే ఓపిక లేదు. ఆ కోపంతోనే వెతకడం మొదలుపెట్టింది. మూడు వారాలు దుమ్ము తింది. చివరికి సబ్బు ఫ్యాక్టరీ బిల్లుల అడుగున ఒక రేకు పెట్టె దొరికింది.

పెట్టెలో హోనోరా గిల్‌ఫాయిల్ ఉంది. ఐరిష్ పంతులమ్మ. పెళ్లి చేసుకున్నందుకు ఊరి బడివాళ్లు ఉద్యోగం పీకేశారు. 1874లో లూసియానా వీధిలోని ఆ ఎర్రఇటుకల ఇంట్లోనే, అప్పట్లో కింద గుర్రాల కొట్టం, పైగదిలో బడి పెట్టింది. ఓడల కడుపుల్లోకి దిగి పారలతో ధాన్యం తోడే కూలీలు సాయంత్రం ఆ గింజల దుమ్ముతోనే వచ్చి పలకలు పట్టారు. పిల్లలు లేరు, భర్త పోయాడు, నలభై అయిదేళ్లు ఆవిడ అదే పని చేసింది. బడికి ప్రభుత్వ లైసెన్సు కూడా సంపాదించింది. 1919లో లాత్రప్ ఆవిడ దగ్గర ఇంటినీ, లైసెన్సునీ, బెంచీలనీ, విద్యార్థులతో సహా కొనేశాడు. లాత్రప్ విశ్వవిద్యాలయం అన్నది నిజానికి ఆ బెంచీల మీదే మొదలైంది. ఒప్పందం అంచున సబ్బుల దొర స్వహస్తాలతో రాసుకున్న మాట ఉంది: "ఆ ఆడమనిషి పేరు ఎక్కడా కనపడకూడదు."

ఆ ఆడమనిషి కూడా తక్కువదేం కాదు. ఒప్పందం ఆరో పేజీలో తన మాట రాయించుకుంది. ఈ బడికి వారసులమని చెప్పుకునేవాళ్లు ఎవరైనా సరే, పగలు పనిచేసేవాళ్లకి ఆ ఇంట్లో సాయంకాలం చదువు చెబుతూనే ఉండాలి. ఆ చదువు ఆగిన రోజున ఇల్లూ, లైసెన్సూ హోనోరా తోబుట్టువుల వంశానికి తిరిగిపోతాయి. అందుకే 1931లో లాత్రప్ లాయర్లు ఆ బడితో మాకు ఏ సంబంధమూ లేదు, మాది 1919లో సొంతంగా పుట్టిన సంస్థ అని ప్రమాణపత్రం దాఖలు చేసి చేతులు దులుపుకున్నారు. బడి మాత్రం ఎవరూ పట్టించుకోక నడుస్తూ వచ్చింది. పెట్టె అడుగున ఇంకా పాత కట్ట ఒకటి, మైనం ముద్రతో, ఎవరూ విప్పకుండా ఉంది. విల్మా దాన్ని పక్కన పెట్టింది.

ఆమె ఏదీ దాచలేదు. ఒక్క పేజీ రాసింది. పైన 1874, కింద హోనోరా కథ నాలుగు ముక్కల్లో. ఆఖరి వాక్యం: "ఈ వారసత్వానికి షరతులు ఉన్నాయి; ఒప్పందం పూర్తి ప్రతి నా దగ్గర ఉంది, ముందుగా చూడవలసింది."

స్టాన్‌హోప్ కళ్లు 1874 దగ్గరే ఆగిపోయాయి. వారం తిరక్కుండా ప్రకటన వచ్చింది. గేటు మీద 1919 ఉన్న రాయిని పీకించి కొత్త రాయి పెట్టించాడు. కాఫీ కప్పులు మారాయి, జెండా మారింది. హోనోరా పేరు కూడా రాతి మీద వేయిస్తే బాగుంటుందని విల్మా అడిగింది.

"పేరు మరీ పొడుగు, విల్మా. రాయి పట్టదు."

లాత్రప్ అన్న ముక్క మాత్రం అడుగున్నర అక్షరాలతో దివ్యంగా పట్టింది.

రాష్ట్ర విద్యాశాఖలో తేదీ మార్చాలంటే ప్రమాణపత్రం కావాలి. గిల్‌ఫాయిల్ బడికి అన్ని హక్కులతో, అన్ని బాధ్యతలతో మేమే అవిచ్ఛిన్న వారసులమని విశ్వవిద్యాలయం లాయరు రాశాడు. విల్మా రెండుసార్లు అతని గదికి వెళ్లింది.

"సంతకం పెట్టేముందు కిందికొచ్చి ఆ కాగితాలు చూడండి."

"పేజీ ఇచ్చావుగా, చాల్లే."

"ఆఖరి వాక్యం చదివారా?"

"అమ్మా, అధ్యక్షుడు చదివి సరేనన్నాడు. మళ్లీ నేను చదవడం దేనికి?"

లాయరు ముద్ర కొట్టాడు, అధ్యక్షుడు సంతకం పెట్టాడు. మంచు కురిసి కరిగింది. మార్చిలో విద్యాశాఖ ఆమోదించింది. ఆమోదం వచ్చిన మర్నాడు విల్మా ఒప్పందం తొమ్మిది పేజీలూ చంకన పెట్టుకుని పైకెళ్లింది. స్టాన్‌హోప్ గదిలో లాయరు కూడా ఉన్నాడు.

"ఇది ఒక్క పేజీ కాదు, విల్మా," అన్నాడు స్టాన్‌హోప్ మందలింపుగా.

"కాదు, సార్. ఆరో పేజీ చదవండి చాలు."

లాయరు చదివాడు. మొదటినుంచి మళ్లీ చదివాడు. సాయంకాలం బడి మూస్తే ఇల్లు పోతుంది, దాంతోపాటు లైసెన్సు మీద గొడవ మొదలవుతుందని నసిగాడు. మూసి తీరాలంటే 1874 వెనక్కి తీసుకోవాలి, తప్పు ప్రమాణం చేశామని ఒప్పుకోవాలి.

"ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాడు స్టాన్‌హోప్.

"చెప్పాను, సార్. అదే పేజీలో. అడుగున."

ఆయన కిటికీలోంచి గేటు వైపు చూశాడు. బల్ల మీద రోచెస్టర్ ఆహ్వానం ఉంది. ఏప్రిల్‌లో అక్కడ కొత్త అధ్యక్షుడి పట్టాభిషేకం. ఊరేగింపు వరసలు అచ్చు వేసి మరీ పంపారు, లాత్రప్ ముందు, వల్బర్గా వెనక. ఆ బడిలోని రెండు వందల పదిమంది విద్యార్థుల బతుకుల గురించి ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఊరేగింపు గురించి మాత్రం చాలాసేపు ఆలోచించాడు.

"సాయంకాలం బడి," అన్నాడు చివరికి, గొంతు మార్చి, "మొదటినుంచీ నా గుండెకి దగ్గరైనది."

శుక్రవారం పత్రికల్లో అదే వచ్చింది. అధ్యక్షుడి దూరదృష్టి వల్ల బడి నిలిచింది. సీఫస్ ఆ కాగితం ముక్క కత్తిరించి తెచ్చి విల్మా బల్ల మీద పెట్టి, ఉన్న చోటే రెండడుగులు చిందేశాడు. నవ్వి నవ్వి ఇద్దరికీ కళ్ల నీళ్లొచ్చాయి.

రోచెస్టర్‌కి స్టాన్‌హోప్ విల్మాని కూడా తీసుకెళ్లాడు, విలేఖరులు 1874 గురించి అడిగితే జవాబు చెప్పడానికి. గౌన్లవాళ్లంతా వరసలు కడుతున్నచోట ఒక అమ్మాయి దిద్దిన జాబితా పట్టుకుని వచ్చింది.

"క్షమించండి, సార్, మీరు ఒక అడుగు వెనక్కి. వల్బర్గా వాళ్ల తేదీ నిన్ననే మారింది. 1868."

సిస్టర్ లియోబా కర్ర ఆనించుకుని మెల్లగా ఇటు తిరిగింది.

"మిమ్మల్ని చూసే, నాయనా. మీ వార్త చదివి మేమూ అటక మీద వెతికించాం. కాలవ పడవలవాళ్ల పిల్లలకి మా సిస్టర్లు అక్షరాలు చెప్పిన కొట్టు ఒకదాని కాగితాలు దొరికాయి. మీరు దారి చూపించకపోతే మాకు తట్టేదే కాదు."

స్టాన్‌హోప్ ఆవిడ వెనకే నడిచాడు. ఈసారి ఆవిడ నాలుగు చోట్ల ఆగింది.

ఆ వచ్చే గురువారం సీఫస్ బాయిలర్ పక్కన కూచుని, సెప్టెంబరులో మొదలయ్యే ఆఖరి కోర్సుకి దరఖాస్తు నింపుతున్నాడు. విల్మా బల్ల మీద మైనం ముద్ర ఊడదీసిన కట్ట పరిచి ఉంది. హోనోరా తన బెంచీలు, విద్యార్థులతో సహా, కొన్నది ఒక చర్చి వంటశాలలో నడిచిన పేదల బడి దగ్గర. ఆ బడి వయసు 1859. ఎంత పాతదైతే అంత మొండిది. దానికీ ఒక షరతు ఉంది. ఈ బడికి వారసులైనవాళ్లు చదువుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ ముందు ఒక గిన్నెడు వేడి సూపు, రొట్టె పెట్టాలి. పెట్టాకే పాఠం.

ఫోను మోగింది.

"విల్మా," అన్నాడు స్టాన్‌హోప్, గొంతు తగ్గించి. "ఇంకా పాతది ఏదైనా ఉంటుందంటావా?"

విల్మా సీఫస్ వైపు చూసింది. డిపో నుంచి తిన్నగా క్లాసుకి పరిగెత్తే మనిషి, పంతొమ్మిదేళ్లుగా ఖాళీ కడుపుతో పాఠం వింటున్నాడు.

"ఉంది, సార్. రేపటికల్లా రాసిస్తాను," అంది. "ఒక్క పేజీకి మించకుండా."