తడిగుడ్డ

పాత కారు అడుగు రేకు కోసి తీసేసిన రోజున తమ్ముడు అక్కని షెడ్డులోకి పిలిచి, తలుపు తెరిచి లోపలికి చూడమన్నాడు. సీట్లు లేవు, చాపలు లేవు. డ్రైవరు కూర్చునే చోట ఏమీ లేదు. ఆ ఖాళీలోంచి షెడ్డు గచ్చు, గచ్చు మీద తమ్ముడి చెప్పులు కనిపించాయి.

"చూశావా, ముసలిదాని కింద ఏమీ మిగల్లేదు," అన్నాడు.

"ముసలిది ముసలిది అనకురా. నాకు తగులుతోంది."

"నిన్ను కాదక్కా, కారుని."

"ఎవరినన్నా ఒకటే. ఇద్దరికీ నడుం కిందే జబ్బు. ఇన్నాళ్ళూ దేని మీద కూర్చుని నడిపావురా?"

"తుప్పు మీద. పైన చాప ఉంది కదా. చాప ఉన్నంతసేపు కింద నేల ఉందనే అనుకుంటాం."

తమ్ముడు ఉద్యోగం చేసినంతకాలం బస్సులకి బాడీలు కట్టే కార్ఖానాలో రేకు పని చేశాడు. రిటైరయ్యాడు, ఆ వెనకే భార్య పోయింది. ఆ తర్వాత చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఇంటి ముందు కారు వానకి నానుతున్నా పట్టించుకోలేదు. అలాంటివాడికి కార్ఖానా నాటి స్నేహితుడొకడు కబురు పంపాడు. కొండ మీది ఊళ్ళో పాత బళ్ళు బాగుచేసే షెడ్డు పెట్టాను, ఉండటానికి గది కూడా ఉంది, వచ్చెయ్యి అని. ఆ కబురుతో మనిషి నడకే మారిపోయింది. కారుని తాడు కట్టి లాగించుకుని అక్క ఇంటికి తెచ్చాడు.

"దీనికి అడుగు వేసుకుని దీంట్లోనే వెళ్తాను. అంతవరకూ నీ ఇంటి తిండే," అన్నాడు.

అక్కకి తిండి సంగతి వినబడలేదు. వెళ్తాను అన్నదే వినబడింది.

ఆ షెడ్డు ఒకప్పుడు ఆమె కుట్టుమిషన్లది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టించేది. పని నేర్చుకున్న అమ్మాయిలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. భర్త ఆసుపత్రి బండిలో వెళ్ళి తిరిగి రాలేదు. ఎవరు బయల్దేరినా ఆమె గేటు దాకా వచ్చేది కాదు. వాళ్ళు మంచినీళ్ళు తాగిన గ్లాసుని, చేరామని ఫోను వచ్చేదాకా కడిగేది కాదు. గ్లాసు గట్టు మీద ఉన్నంతసేపూ మనిషి ఇంకా సగం ఇంట్లోనే ఉన్నట్టు ఆమెకి. భర్త గ్లాసు మాత్రం ఎవరో తెలీక కడిగేశారు.

తమ్ముడొచ్చాక ఇంట్లో దగ్గు వినబడుతోంది, సుత్తి చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు మధ్యే మధ్యాహ్నం ఆమెకి చక్కగా కునుకు పట్టేది.

కొత్త రేకు కోయడానికి ముందు అట్టముక్కతో కొలత తీయాలి. ఆ పని ఆమే చేసింది. పెడల్స్ దగ్గర వంపు, పక్కన గట్టు, మధ్యలో ఉబ్బు, అన్నిటికీ వేళ్ళతో తడిమి గుర్తులు పెట్టి, కత్తెరతో ఒక్కసారే కోసింది. అట్ట ఆ ఖాళీలో చొక్కాకి జేబులా కూర్చుంది.

"చంక కింద ఒక అంగుళం వదులు ఉంచాను. అతుకు మీద అతుకు ఎక్కాలిగా," అంది.

"కార్ఖానాలో నువ్వుంటే నన్ను ఎప్పుడో ఇంటికి పంపేసేవాళ్ళు," అన్నాడు తమ్ముడు. ఆ సాయంత్రం ఇద్దరూ రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

తర్వాత ఆమెకి ఇంకో పని అప్పగించాడు. వెల్డింగ్ చేసేటప్పుడు నిప్పురవ్వలు ఎగిరి కారు లోపలి గుడ్డకో, వైర్లకో అంటుకుంటాయి. తలకి ముసుగు ఉన్నవాడికి అది కనబడదు. పక్కనొక మనిషి బకెట్టు నీళ్ళు, తడిగుడ్డ పట్టుకుని కాపలా కూర్చోవాలి. వెలుగు వంక చూడకుండా, రవ్వ పడిన చోట గుడ్డతో ఒత్తాలి.

పక్కింటి కాంపౌండరు రోజూ పొద్దున పేపరు చంకలో పెట్టుకుని వచ్చి షెడ్డు గడపలో నిలబడేవాడు. ఎప్పుడో ఉద్యోగం మానేసినా ఊళ్ళో అందరికీ ఇంకా కాంపౌండరే.

"ఏమయ్యా, కారుకి గచ్చు వేస్తున్నావా? ఏకంగా మేడ కట్టెయ్యరాదూ?"

"మీరు ఇటుకలు అందిస్తే కడతానండీ."

"నా సంగతి సరే. మీ అక్కగారు తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నారు. గొంతు జాగ్రత్త నాయనా."

తమ్ముడు ముసుగులోంచి పెద్దగా నవ్వాడు. అక్క నవ్వలేదు. దొంగకి తేలు కుట్టినట్టు గుడ్డని బకెట్లోకి దించేసింది.

ఎందుకంటే అప్పటికే ఆ గుడ్డ ఒక పని చేసింది.

ఇనుప పెనం కడిగి తుడవకపోతే పొద్దుటికి ఎర్రబడుతుందని, ఉప్పు తగిలితే ఇంకా తొందరగా తింటుందని వంటింట్లో బతికిన మనిషికి ఒకరు చెప్పాలా? తమ్ముడు కొత్త రేకు కోసి, వంచి, అంచులు తళతళలాడేట్టు రుద్ది, రేపు ప్రైమరు పూస్తానని చెప్పి, భోజనం చేసి నడుం వాల్చాడు. ఆమె షెడ్డులోకి వెళ్ళింది. రేకు మీద దుమ్ము తుడుద్దామనే వెళ్ళింది. ఆ మాట తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. దుమ్ము తుడవడానికి గుడ్డని ఉప్పునీళ్ళలో ముంచక్కర్లేదు కదా.

మర్నాడు రేకు అంచులు నారింజ రంగుకి తిరిగాయి.

"గాలిలో చెమ్మ ఉందక్కా. ఈ ఊరి గాలే అంత," అన్నాడు తమ్ముడు. గరుకు కాగితం తీసుకుని మళ్ళీ మొదట్నించీ రుద్దాడు. ఆమె వంటింట్లోంచి ఆ రుద్దుడు వింటూ నిలబడింది. పూర్వం కార్ఖానాలో నరం పట్టేసిన కుడి భుజాన్ని అతను మధ్యమధ్య ఎడంచేత్తో పిసుక్కుంటున్నాడని కూడా చూసింది. చూసి, మజ్జిగ కలిపి ఇచ్చింది. ఇంకేం చేయగలదు? చేయగలిగింది వేరే ఉంది, అది చేయలేదు.

అక్కడితో ఆగినా బావుండేది. రేకు కూర్చోబెట్టాడు. ముందు వెల్డింగుతో అక్కడో చుక్క ఇక్కడో చుక్క అతికించి, రేకు వేడికి మెలిపడకుండా ఆగి ఆగి మొత్తం చుట్టూ వేశాడు. చుక్కకీ చుక్కకీ మధ్య సన్నటి సందులు మిగిలాయి. వాటి మీద రబ్బరు ముద్ద పూసి మూసేస్తే, ఆపైన నల్ల రంగు, ఆపైన సీటు. అంతే.

"ఇంకేముంది, ఈ వారం వెళ్ళిపోవచ్చు," అన్నాడు. అంటూ స్నేహితుడికి ఫోను చేశాడు. ఫోనులో తమ్ముడి గొంతు పాతికేళ్ళవాడి గొంతులా ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె కునుకు తీయలేదు. బకెట్లో పిడికెడు ఉప్పు వేసి, గుడ్డ ముంచి, ఆ సందుల మీద నిదానంగా పిండింది. నీళ్ళు అతుకు లోపలికి, రేకుకీ రేకుకీ మధ్యకి పాకాయి. పైన పొడిగుడ్డతో తుడిచింది. మర్నాడు పొద్దున అంచులు మళ్ళీ ఎర్రబడతాయి, అతను మళ్ళీ గాలిని తిట్టుకుంటూ రుద్దుతాడు, ఇంకో నాలుగు రోజులు గడుస్తాయి. ఆమె అనుకున్నది అంతే.

కానీ తమ్ముడికి తొందర పుట్టింది. చీకటి పడక ముందే లేచి, పైన పొడిగా కనిపించిన అతుకంతా ముద్ద పూసి మూసేశాడు. మర్నాడు నల్ల రంగు వేశాడు. అడుగు కొత్త పలకలా మెరిసింది.

కాంపౌండరు వచ్చి వంగి చూశాడు. "బానే ఉంది గానీ, నీ సీటు ఈ రేకుకేగా బిగించేది? కొండ రోడ్డు మలుపుల్లో నీ బరువంతా దీని మీదేగా?"

"మీ బరువు కూడా ఆపుతుందండీ. రండి, కూర్చోండి."

"నాకింకా మనవరాలి పెళ్ళి చూడాలనుంది నాయనా."

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క చూపు ఆ నల్ల రంగు మీదే ఉంది. అతుకు లోపల ఉప్పు. పైన మూత. బయటికి ఎరుపు రాదు, ఎవరికీ కనబడదు, లోలోపలే తింటుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. ఒక మలుపులో సీటుతో సహా తమ్ముడు.

ఆమె ఆ రోజంతా నీళ్ళు నమిలింది. చెబితే అతను మళ్ళీ కోయాలి, మళ్ళీ అతకాలి, మళ్ళీ ఆగాలి. ఆమె కోరుకున్నదే జరుగుతుంది. చెప్పడం కూడా ఒక ఎత్తులాగే కనిపిస్తుంది. చెప్పకపోతే పైకి పెద్ద మనసుతో సాగనంపినట్టు ఉంటుంది, లోపల మనిషిని చంపినట్టు ఉంటుంది. మింగలేక కక్కలేక, వడ్డించిన అన్నం అలాగే వదిలేసి లేచింది.

మర్నాడు పొద్దున అతను సీటు లోపలికి ఎక్కించి, పానా పట్టుకుని మొదటి బోల్టు బిగిస్తున్నాడు.

"ఒరేయ్, సీటు బిగించకు."

"ఏం?"

"ఆ అతుకులో తడి ఉంది."

"ఉండదక్కా. నేను చూసే పూశాను."

"నువ్వు చూడనప్పుడు నేను పోశాను. ఉప్పునీళ్ళు. మొదట అంచులు ఎర్రబడ్డదీ గాలికి కాదు."

అతను పానాని బోల్టు మీదే ఉంచి ఆమె ముఖంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఆమెకి కొంచెం సులువయ్యేది. పానా తీసి పెట్టెలో వేశాడు, చేతులు కడుక్కున్నాడు, గ్లాసుతో మంచినీళ్ళు తాగి గేటు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె గట్టు మీది ఆ గ్లాసు పక్కనే కూర్చుంది. ముట్టుకోలేదు. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కారు ఇక్కడే ఉంది, మనిషి బస్సెక్కి వెళ్ళినా వెళ్ళొచ్చు, వెళ్తే ఫోను చేయడు. ఈ గ్లాసు ఇక ఎప్పుడు కడగాలో చెప్పేవాళ్ళు ఉండరు. ఇలా ఒకదాని వెనక ఒకటి అనుకుంటూ ఉండగా గేటు చప్పుడైంది.

తమ్ముడు చంకలో చుట్టిన కొత్త రేకుతో వచ్చాడు. దాన్ని గోడకి ఆనించి, గడప మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పకపోతే కొండ మీద తెలిసేది. చెప్పావు కాబట్టి నేను మళ్ళీ ఇక్కడే ఉండాలి. ఎటు తిప్పినా నువ్వే గెలిచావు," అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు.

"అందుకేరా నిన్నంతా నోరు పెగల్లేదు."

"ఉండిపోరా అని ఒక్కసారి అడగొచ్చు కదక్కా."

"అడిగితే ఉంటావా?"

అతను గోడకి ఆనించిన రేకు వంక చూశాడు. "ఉండను. కానీ అడిగితే బావుండేది."

ఆమె లేచి కొంగు నడుముకి దోపుకుంది. "అట్ట నా దగ్గరే ఉంది. రేకు ఇలా తే, గుర్తులు పెడతాను."

అప్పట్నించీ తొందరంతా ఆమెదే. ముద్దని చాకుతో గీకింది, వైరు బ్రష్షుతో పాత అంచులు రుద్దింది. వేళ్ళ కణుపులు వాచినా ఆపలేదు. అతను నడుం వాలిస్తే, "పడుకుంటే పని అవుతుందిరా?" అని లేపేది. కాపలా పని మాత్రం మళ్ళీ ఇచ్చేటప్పుడు అతను బకెట్లో నీళ్ళు పారబోసి ఇసుక నింపాడు.

"నీ చేతికిక నీళ్ళివ్వను," అన్నాడు. అప్పుడు మాత్రం మూతి ఒక పక్కకి కొంచెం వంగింది.

కాంపౌండరు వచ్చి ఇసుక బకెట్టు చూశాడు, కోసిన అడుగు చూశాడు. "మళ్ళీ మొదటికొచ్చిందేం?"

"అతుకు సరిగా పడలేదండీ," అన్నాడు తమ్ముడు. అక్క వంక చూడలేదు. అతను కాసిన ఆ కాపు ఆమెకి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

ఆఖరి రోజు. రంగు ఆరింది. ఇంకా సీటు బిగించలేదు. పైపు పట్టుకుని తమ్ముడు కారు కిందికి వంగాడు. అడుగున నీళ్ళు గట్టిగా కొడితే, ఎక్కడ సందున్నా లోపల చెమ్మ తేలుతుంది. అది తెలియాలంటే ఒకరు లోపల ఉండాలి.

"ఎక్కక్కా. చెయ్యి పెట్టి చూసి చెప్పు. నీ మాట మీదే బయల్దేరతాను."

ఆమె సీటు లేని ఆ నల్లటి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. కింద నీళ్ళ హోరు మొదలైంది. పెడల్స్ దగ్గర తడిమింది. పక్క గట్టు తడిమింది. మధ్య ఉబ్బు చుట్టూ, బోల్టు రంధ్రాల చుట్టూ తడిమింది. ఒకచోట తడి తగిలింది. చెయ్యి అక్కడే ఆపింది. భయమో ఆశో ఆమెకే తెలీలేదు. చూస్తే అది తన అరచేతి చెమట. చీరకి తుడుచుకుని, మళ్ళీ అదే చోట చెయ్యి పెట్టి, నీళ్ళు కొడుతున్నంతసేపూ అలాగే ఉంచింది.

పైపు ఆగింది.

"ఏమంటావక్కా?" కింద నుంచి అడిగాడు.

ఇంకోసారి అంచు వెంట వేలు నడిపింది.

"పొడిగా ఉందిరా," అంది. అతనికి వినబడలేదేమోనని మళ్ళీ, ఈసారి గట్టిగా అంది. "ఎక్కడా చెమ్మ లేదు. సీటు తే. నేను పట్టుకుంటాను, నువ్వు బిగించు."